పేరు ముందు 'డాక్టర్' రావాలంటే...

ఇంట్లో ఆడపిల్ల పీహెచ్‌డీ చేస్తానంటే, "ఇంకా ఎన్నేళ్లమ్మా ఈ చదువు? పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు?" అనే మాట ఇప్పటికీ మన ఇళ్లల్లో వినిపిస్తూనే ఉంది. అయినా అమ్మాయిలు ఆగడం లేదు. ఉన్నత విద్య మీద కేంద్ర విద్యాశాఖ జరిపే సర్వే లెక్కలే అందుకు సాక్ష్యం. 2014-15లో దేశం మొత్తం మీద పీహెచ్‌డీలో చేరి చదువుతున్న స్త్రీలు 47,717 మంది. 2021-22 నాటికి వారి సంఖ్య 98,636. అంటే ఏడేళ్లలో రెట్టింపు దాటింది. ఆ ఏడాది పరిశోధక విద్యార్థులందరూ కలిపి సుమారు 2 లక్షల 12 వేలు. నూటికి 46 మంది ఆడవాళ్లన్నమాట!

సంతోషించాల్సిన విషయమే. అయితే ఇది చేరినవారి లెక్క. చేరడం వేరు, పూర్తి చేసి పట్టా చేత పుచ్చుకోవడం వేరు. సీటు వచ్చిన రోజున స్వీట్లు పంచిన ఇల్లే, నాలుగో ఏడు వచ్చేసరికి "అదింకా అవలేదా?" అని విసుక్కుంటుంది. ఈలోగా పెళ్లి, కాపురం, కాన్పు, పసిపిల్ల, భర్తకు బదిలీ, అత్తగారికి ఆపరేషన్... ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చివరికి సగం రాసిన సిద్ధాంత గ్రంథం అటక మీదికి చేరుతుంది. తెలివి చాలక ఆగిపోయినవారి కంటే, నియమాలు తెలియక, తమకున్న వెసులుబాటు అడగక ఆగిపోయేవారు మనకు ఎక్కువగా కనబడుతున్నారు.

అందుకే అసలు ఈ పట్టా రావాలంటే ఏమేం చేయాలి, నియమాలు మారి మనకు ఏం కలిసొచ్చింది, ఎక్కడ ఇంకా ముడి పడి ఉంది అనేది ఒకసారి నిదానంగా చూద్దాం.

చేరిక నుంచి పట్టా దాకా

విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం, అదే యూజీసీ, పీహెచ్‌డీకి కనీస ప్రమాణాలు నిర్ణయిస్తుంది. ఇదివరకు 2009లోనూ, 2016లోనూ నియమావళులు వచ్చాయి. 2022 నవంబరు 7న కొత్తది వచ్చింది. ఎం.ఫిల్‌కు దాంతో స్వస్తి చెప్పేశారు. ప్రతి విశ్వవిద్యాలయం ఈ చట్రానికి లోబడి తన సొంత నిబంధనలు రాసుకుంటుంది. కాబట్టి ఉస్మానియా పద్ధతికీ, ఆంధ్రా విశ్వవిద్యాలయం పద్ధతికీ చిన్న చిన్న తేడాలు ఉంటాయి.

చేరాలంటే పీజీలో 55 శాతం మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, వికలాంగులు, ఆర్థికంగా వెనుకబడినవారికి 5 శాతం మినహాయింపు ఉంది. నాలుగేళ్ల డిగ్రీ 75 శాతంతో చేసినవారు పీజీ లేకుండానే నేరుగా చేరవచ్చు. ఆ తర్వాత ప్రవేశ పరీక్షో, నెట్ స్కోరో కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఆర్‌సెట్ పెట్టారు. ఉస్మానియాలో జేఆర్‌ఎఫ్ లాంటివి వచ్చినవారిని మొదటి కేటగిరీ కింద, ప్రవేశ పరీక్ష రాసేవారిని రెండో కేటగిరీ కింద తీసుకుంటూ వచ్చారు. 2024 మార్చిలో యూజీసీ, నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీలో చేర్చుకోవచ్చని చెప్పింది. అలా చెప్పిన తర్వాత జరిగిన మొదటి పరీక్షే, జూన్ 18న రాయించి, మర్నాడే రద్దు చేశారు! ఊళ్ల నుంచి బస్సులెక్కి వెళ్లి, పిల్లల్ని పక్కింటివాళ్లకు అప్పజెప్పి రాసి వచ్చినవారి కష్టానికి ఎవరు జవాబు చెబుతారు?

చేరాక మొదట కోర్స్‌వర్క్ ఉంటుంది. కనీసం 12 క్రెడిట్లు. అందులో పరిశోధన నీతి గురించిన పాఠం తప్పనిసరి. 55 శాతం మార్కులు రాకపోతే ముందుకు వెళ్లనివ్వరు. ఆ తర్వాత ప్రతి సెమిస్టర్‌కూ ఒకసారి పరిశోధన సలహా సంఘం ముందు కూర్చుని, ఎంతవరకు వచ్చిందీ చెప్పాలి. గ్రంథం పూర్తయ్యాక శాఖలో అందరి ముందూ ఒక సెమినార్ ఇవ్వాలి. కాపీ ఉందా లేదా అని కంప్యూటర్‌తో పరీక్షిస్తారు. ఆపైన సమర్పణ. బయటి విశ్వవిద్యాలయాలకు చెందిన కనీసం ఇద్దరు నిపుణులు చదివి నివేదికలు పంపాలి. రెండూ బాగుంటేనే వైవా. ఒకటి బాగుండి ఒకటి బాగోకపోతే మూడో నిపుణుడికి పంపుతారు. ఆయనా వద్దంటే గ్రంథం తిరస్కరించినట్టే. వైవా అయ్యాక ఎలక్ట్రానిక్ ప్రతి గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు వెళుతుంది. అక్కడి 'శోధ్‌గంగ'లో ఎవరైనా చదువుకోవచ్చు. అప్పుడు ఫలితం ప్రకటిస్తారు.

ఇన్ని మెట్లు ఎక్కడానికి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువు. మళ్లీ నమోదు చేయించుకుంటే మరో రెండేళ్లు దొరుకుతాయి.

వ్యాసం అచ్చు కావాలా, అక్కర్లేదా?

2016 నియమావళి ప్రకారం గ్రంథం సమర్పించే ముందు పేరున్న పత్రికలో కనీసం ఒక పరిశోధనా వ్యాసం అచ్చు కావాలి. రెండు సదస్సుల్లో పత్రాలు చదవాలి. 2022లో ఈ షరతు తీసేశారు. ఇది మేలా, కీడా అని విద్యావేత్తల్లో పెద్ద చర్చే జరిగింది.

తీసేయడానికి కారణం ఉంది. షరతు పెట్టగానే దాని చుట్టూ ఒక బజారు వెలిసింది. కొన్ని వేలు కడితే వారం తిరక్కుండా అచ్చు వేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. చదివేవారు లేరు, తప్పులు దిద్దేవారు లేరు. మంచి పత్రికల జాబితా అంటూ యూజీసీ 'కేర్' అని ఒకటి తయారు చేసింది. ఆ పేరుతోనూ మోసాలు జరిగాయి. చివరికి 2025 ఫిబ్రవరిలో ఆ జాబితానే ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది.

ఇంట్లోంచి దూర ప్రయాణాలు చేయలేని స్త్రీలకు సదస్సుల షరతు నిజంగానే బరువు. చంటిబిడ్డతో వేరే ఊరు వెళ్లి రెండు రోజులుండి పత్రం చదివి రావడం ఎంతమందికి కుదురుతుంది? ఆ మేరకు ఇది ఊరటే. అలాగని వ్యాసం రాయడం మానేస్తే నష్టపోయేదీ మనమే. రేపు అధ్యాపక ఉద్యోగానికి వెళితే ముందు అడిగేది అచ్చయిన వ్యాసాల గురించే. పైగా అలా అచ్చయిన వ్యాసం ఈ పని మనదేనని పదిమందికీ చెప్పే రుజువు. యూజీసీ తీసేసినా కొన్ని విశ్వవిద్యాలయాలు సొంతంగా ఈ నియమం అట్టే పెట్టుకోవచ్చు. చేరిన రోజునే ఆఫీసులో అడిగి తెలుసుకోవడం మంచిది. ఐదో ఏట తెలిస్తే గొంతులో వెలక్కాయ పడ్డట్టవుతుంది.

ఇక కాపీ సంగతి. 2018లో వచ్చిన నియమాల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే దిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాది దాకా సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దే. "డబ్బిస్తే మేం రాసి పెడతాం" అనే దుకాణాల జోలికి పోతే ఏమవుతుందో వేరే చెప్పాలా?

రెండేళ్లు ఎక్కువ ఎందుకిచ్చారు?

స్త్రీలకు అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇదీ. మామూలు గడువు మీద స్త్రీలకు మరో రెండేళ్లు అదనం. వికలాంగులకూ ఇదే వర్తిస్తుంది. మళ్లీ నమోదు చేసుకున్నవి కూడా కలుపుకుంటే మొత్తం పదేళ్లు దాటకూడదు. ఇది కాక, చదువు మొత్తం మీద ఒకసారి 240 రోజుల వరకు ప్రసూతి సెలవు లేదా శిశు సంరక్షణ సెలవు తీసుకోవచ్చు.

"ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఎందుకు? తెలివి సమానమే అంటారు, గడువు మాత్రం ఎక్కువ కావాలా?" అని ఎత్తిపొడిచేవారు ఉంటారు. తెలివికీ దీనికీ సంబంధం లేదు. ఇద్దరు పరిశోధకులు ఒకే రోజు చేరారనుకుందాం. ఒకరు పొద్దున్నే లేచి, పెట్టిన టిఫిను తిని లైబ్రరీకి పోతారు. ఇంకొకరు ఆ టిఫిను చేసి, పెట్టి, పిల్లల్ని బడికి పంపి, గిన్నెలు సర్ది అప్పుడు బయల్దేరతారు. లైబ్రరీ తలుపులు ఇద్దరికీ ఒకే వేళకు మూస్తారు. యూజీసీ ఇచ్చిన రెండేళ్లు ఆ తేడాకు కట్టిన లెక్క. ఇంటిపని ఇద్దరూ పంచుకునే రోజొస్తే ఈ రెండేళ్లు అక్కర్లేకుండా పోతాయి. అప్పటిదాకా కావాలి.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. గడువు పెరిగింది గానీ డబ్బు పెరగలేదు. యూజీసీ జేఆర్‌ఎఫ్ ఐదేళ్లే. 2023 జనవరి నుంచి నెలకు మొదటి రెండేళ్లూ 37 వేలు, ఆ తర్వాత 42 వేలు ఇస్తున్నారు. మంచి మొత్తమే. కానీ ఐదేళ్ల తర్వాత? పదేళ్ల దాకా టైమిచ్చి, ఐదేళ్లతో జీతం ఆపేస్తే ఆ మిగతా కాలం ఎవరి మీద ఆధారపడాలి? భర్త మీదో, నాన్న మీదో. అప్పుడే "ఇక చాల్లే, ఏదో ఒక ఉద్యోగం చూసుకో" అనే మాట వస్తుంది. ఫెలోషిప్పే లేనివారి సంగతి సరేసరి. మైనారిటీ విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్టు 2022 డిసెంబరులో కేంద్రం పార్లమెంటులో చెప్పింది. ఎన్నో అడ్డంకులు దాటి పరిశోధన దాకా వచ్చిన ముస్లిం అమ్మాయిలకు అది పెద్ద దెబ్బే. గడువు సడలించినప్పుడు, ఆ సడలింపు కాలానికి కొంతైనా ఆర్థిక సాయం ఉండాలని అడగడంలో తప్పు లేదు. లేకపోతే కలిగినింటి ఆడపిల్లకే ఆ రెండేళ్లు పనికొస్తాయి.

జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 లోపు ఉండాలని నియమం. స్త్రీలకు ఐదేళ్ల సడలింపు ఉంది, అంటే 35 దాకా రాయొచ్చు. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక మళ్లీ చదువు మొదలుపెట్టేవారికి ఇది గుర్తుంచుకోదగ్గ మాట. తల్లిదండ్రులకు ఒక్కతే ఆడపిల్ల అయినవారికి సావిత్రీబాయి ఫూలే పేరుతో విడిగా ఒక ఫెలోషిప్ ఉంది.

ఇంకో సంగతి. సెలవు మంజూరు చేసేది విశ్వవిద్యాలయం, ఫెలోషిప్ ఇచ్చేది వేరే సంస్థ. ఒకచోట సెలవు పెట్టినంత మాత్రాన రెండోచోట డబ్బు దానంతటదే రాదు. రెండు చోట్లా రాతపూర్వకంగా తెలియజేయాలి.

పెళ్లయి ఊరు మారితే?

గుంటూరు అమ్మాయి విశాఖలో పరిశోధన చేస్తోంది. పెళ్లి హైదరాబాద్ అబ్బాయితో కుదిరింది. ఇక పీహెచ్‌డీ ముగిసినట్టేనని అందరూ అనుకుంటారు. అలా అనుకోనక్కర్లేదు. పెళ్లి వల్లగానీ మరో కారణం వల్లగానీ స్త్రీ వేరే ఊరికి వెళితే, అప్పటివరకు సేకరించిన సమాచారాన్ని కొత్త విశ్వవిద్యాలయానికి మార్చుకోనివ్వాలని నియమావళిలోనే రాశారు. షరతులు రెండు. ఆ పని పాత సంస్థకో, గైడుకో ఎవరైనా డబ్బిచ్చి అప్పగించిన ప్రాజెక్టు అయి ఉండకూడదు. పాత గైడుకూ, సంస్థకూ చేసిన పని మేరకు పేరు ఇవ్వాలి.

కాగితం మీద చక్కగా ఉంది. ఆచరణలో కొత్త చోట గైడు దొరకాలి, ఖాళీ ఉండాలి. ఒక ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు మించి ఉండకూడదు. కాబట్టి పెళ్లి ముహూర్తం పెట్టుకునేటప్పుడే ఈ వాకబు కూడా మొదలుపెట్టాలి. కల్యాణ మండపం ఆరు నెలల ముందు బుక్ చేస్తాం కదా, దీనికి నాలుగు ఉత్తరాలు రాయడానికి బద్ధకమెందుకు? పెళ్లిచూపుల్లోనే అబ్బాయి వైపువారితో "చదువు పూర్తి చేస్తుంది" అని మాట తీసుకుంటారు చాలామంది. ఎప్పటిలోగా, ఏ ఊళ్లో, ఎవరి సాయంతో అనేది కూడా అప్పుడే మాట్లాడుకుంటే తర్వాత గొడవలుండవు.

అమెరికా సంబంధమైతే మాత్రం అక్కడి విశ్వవిద్యాలయాలకు మన యూజీసీ నియమం వర్తించదు. గ్రంథం ఇక్కడే ముగించి వెళ్లగలిగితే మేలు. వైవాను ఆన్‌లైన్లో జరపడానికి నియమావళి ఒప్పుకుంటుంది. చివరి మెట్టు మీద ఉన్నవారికి అదొక దారి.

ఉద్యోగం చేస్తున్నవారికి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఉంది. యాజమాన్యం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. అవసరమైతే కోర్స్‌వర్క్‌కు పంపుతామని అందులో రాసివ్వాలి. దూరవిద్యలోనో, ఆన్‌లైన్లోనో పీహెచ్‌డీ ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. దాన్ని యూజీసీ ఒప్పుకోదు.

గైడు మాటే వేదమా?

మన పరిశోధనా రంగంలో గైడుకున్న పట్టు అందరికీ తెలిసిందే. ఆయన సంతకం లేనిదే కాగితం కదలదు. మంచి గైడు దొరికితే అదృష్టం. కన్నబిడ్డలా చూసుకుని, రాసిన ప్రతి పేజీ దిద్దే గురువులు మనకు ఎందరో ఉన్నారు. అయితే ఇంటి పనులు చెప్పేవారు, నెలల తరబడి అధ్యాయాలు చదవకుండా బల్ల మీద పడేసేవారు, అంతకంటే హీనంగా ప్రవర్తించేవారూ లేకపోలేదు. "పట్టా ఆయన చేతిలో ఉంది, నోరెత్తితే ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరు" అనే భయం అమ్మాయిల నోరు నొక్కేస్తోంది.

ఈ భయం పోగొట్టడానికి రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది పరిశోధన సలహా సంఘం. ప్రతి సెమిస్టర్‌కూ పని ఎంత జరిగిందో నమోదు కావాలి కాబట్టి, ఎవరు ఆలస్యం చేశారో కాగితం మీద తేలుతుంది. పని బాగోలేదని రిజిస్ట్రేషన్ రద్దు చేయాలన్నా ఆ సంఘం కారణాలు రాయాలి, ముందు దిద్దుకునే అవకాశం ఇవ్వాలి. గైడు ఒక్కరూ కోపంతో తీసిపారేయలేరు. రెండోది, లైంగిక వేధింపుల మీద యూజీసీ 2016లో ప్రకటించిన నియమాలు. ప్రతి సంస్థలోనూ అంతర్గత ఫిర్యాదుల సంఘం ఉండాలి. విచారణ జరుగుతుండగా, ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో ఆ వ్యక్తి ఫిర్యాదు చేసిన అమ్మాయి పనికి మార్కులు వేయకుండా, నివేదికలు రాయకుండా ఆపవచ్చు. ఈ చివరి మాట చాలామందికి తెలియదు. ప్రతి తల్లీ తన కూతురికి చెప్పాల్సిన మాట ఇది.

గైడు వయసు కూడా చూసుకోవాలి. పదవీ విరమణకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్తగా విద్యార్థులను తీసుకోకూడదు. ఆ తర్వాత 70 ఏళ్ల దాకా సహ పర్యవేక్షకులుగా మాత్రం కొనసాగవచ్చు. మధ్యలో గైడు రిటైరైతే కొత్త గైడు కోసం తిరిగే తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

ఆఖరి మెట్టు దగ్గర ఆలస్యం

గ్రంథం ఇచ్చేశాం, ఇక గట్టెక్కాం అనుకుంటాం. అక్కడే అసలు కథ మొదలవుతుంది. పరీక్షకుల పేర్లు ఖరారు కావాలి, వారు ఒప్పుకోవాలి, చదవాలి, నివేదిక రావాలి. ఒకరి దగ్గర్నుంచి వస్తుంది, ఇంకొకరి దగ్గర్నుంచి రాదు. పరీక్షల విభాగానికి వెళితే "ఫైలు పైన ఉందమ్మా" అంటారు. పైకి వెళితే కింద ఉందంటారు. ఈలోగా కాలేజీ లెక్చరర్ల నోటిఫికేషన్ వచ్చి వెళ్లిపోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇలాంటి చోటే పుట్టి ఉంటుంది.

నిజానికి సమర్పించిన నాటి నుంచి వైవా ఫలితం ప్రకటించే దాకా అంతా ఆరు నెలల్లో పూర్తయ్యేలా చూడాలని నియమావళి చెబుతోంది. అర్హత సాధించిన నాటి నుంచి 180 రోజుల్లోగా పట్టా ఇవ్వాలని 2008లో యూజీసీ చేసిన నియమాలున్నాయి. స్నాతకోత్సవం జరిగే దాకా ఆగనక్కర్లేకుండా, యూజీసీ నియమాల ప్రకారమే డిగ్రీ ఇస్తున్నామంటూ ప్రొవిజినల్ సర్టిఫికెట్ ఇవ్వాలని కూడా ఉంది. ఉద్యోగ దరఖాస్తుకు ఆ కాగితం ప్రాణం లాంటిది.

ఆరు నెలలు దాటితే ఏం చేయాలి? ముందు రిజిస్ట్రార్‌కు మర్యాదగా ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. పది రూపాయల రుసుముతో, నా గ్రంథం ఏ తేదీన ఏ దశలో ఉందో చెప్పమని అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అయితే నియమం రాసిన యూజీసీ, దాన్ని పాటించని విశ్వవిద్యాలయాన్ని ఎవరు అడుగుతారో స్పష్టంగా చెప్పలేదు. విద్యార్థిని గడువు దాటితే రిజిస్ట్రేషన్ పోతుంది. ఆఫీసు గడువు దాటితే ఎవరికీ ఏమీ కాదు. ఈ లోటు సరిచేయనంత కాలం మిగతా సంస్కరణలు ఎన్ని చేసినా సగం ఫలితమే.

మరో చిన్న విషయం, పెద్ద చిక్కు తెచ్చేది - ఇంటిపేరు. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, బ్యాంకులో భర్త పేరు తోకగా... ఇలా ఉంటే ఫెలోషిప్ దగ్గరా, పట్టా దగ్గరా తలనొప్పే. చదువు కాగితాలన్నిటిలో పదో తరగతి పేరే ఉంచుకోవడం సుఖం. వ్యాసాలూ అదే పేరుతో రాయాలి.

షరతులు కొత్తవి కావు

ఆడవాళ్ల పరిశోధనకు షరతులు ఇవాళ పుట్టినవి కావు. కమలా భాగవత్ అనే అమ్మాయి 1933లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరబోతే, అమ్మాయి అన్న కారణంతో సర్ సి.వి.రామన్ కాదన్నారు. ఆమె పట్టు విడవకపోతే ఏడాది పరిశీలన మీద తీసుకున్నారు. ఆమె పని చూశాక ఆ సంస్థ తలుపులు మిగతా అమ్మాయిలకూ తెరుచుకున్నాయి. తర్వాత ఆమె కేంబ్రిడ్జ్ వెళ్లి 1939లో డాక్టరేట్ సాధించారు. గ్రంథం నలభై పేజీలే! పెళ్లి తర్వాత కమలా సొహోనీగా పేరు పొందింది ఆమే. అదే కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం స్త్రీలకు మగవారితో సమానంగా పూర్తి స్థాయి డిగ్రీలిచ్చింది 1948లో గానీ కాదు. మన దేశంలో కలకత్తా విశ్వవిద్యాలయం 1944లో అసీమా ఛటర్జీకి డాక్టర్ ఆఫ్ సైన్స్ ఇచ్చింది.

మన తెలుగునాట నాయని కృష్ణకుమారి జానపద గేయగాథల మీద పరిశోధించి డాక్టరేట్ పొందారు. పల్లెల్లో ఆడవాళ్లు పాడుకునే పాటలు కూడా విశ్వవిద్యాలయంలో చదవదగ్గవేనని అలాంటి పరిశోధనల వల్లే అందరికీ తెలిసొచ్చింది. ములుగు ఎమ్మెల్యేగా ఉంటూనే సీతక్క గొత్తికోయల జీవితం మీద గ్రంథం రాసి 2022లో ఉస్మానియా నుంచి పీహెచ్‌డీ పొందారు. 2023లో అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో, కూలిపనికి వెళుతూ రసాయనశాస్త్రంలో పరిశోధన పూర్తి చేసిన ఒక తల్లి పట్టా అందుకున్న వార్త మనమంతా చదివాం. అభినందించాం. కూలికి వెళ్లకుండా ఆమె చదువుకునే ఏర్పాటు ఎందుకు లేకపోయిందని మాత్రం అడగలేదు.

ఇంత చేసి ఏం లాభం?

2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. నెట్ లేదా సెట్ చాలు. "మరింకెందుకీ అవస్థ?" అనిపించవచ్చు. కానీ అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే డాక్టరేట్ ఉండాల్సిందే. అంటే కింది మెట్టు మీదికి అందరూ రావచ్చు, పై మెట్టు ఎక్కేది మాత్రం పట్టా ఉన్నవారే. పీహెచ్‌డీ మధ్యలో వదిలేసిన స్త్రీలు కింది మెట్టు మీదే ఉండిపోతారు. రేపు శాఖాధిపతులు, డీన్‌లు, వీసీలు ఎవరవుతారో ఇక్కడే తేలిపోతోంది. ఆడపిల్లలకు ఏ నియమాలు కావాలో నిర్ణయించే బల్ల దగ్గర ఆడవాళ్లు కూర్చోవాలంటే ఈ పట్టాలు పూర్తి కావాలి.

ఇవి గుర్తుంచుకోండి

- చేరిన వారంలోనే మీ విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ నిబంధనల ప్రతి తీసుకుని చదవండి.
- గైడుతో, ఆఫీసుతో ముఖ్యమైన విషయాలు రాతలో పెట్టండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి.
- ప్రసూతి సెలవు, అదనపు గడువు ముందుగానే అడగండి. గడువు తీరిపోయాక అడిగితే చిక్కు.
- ప్రతి సెమిస్టర్ సలహా సంఘం సమావేశం వివరాలు దాచుకోండి.
- వైవా కాగానే ప్రొవిజినల్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి.
- నోట్సు, గ్రంథం ప్రతులు రెండు మూడు చోట్ల భద్రపరచండి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. నియమాలు మనకు కొంత ఇచ్చాయి. వాటిని అడిగి తీసుకోవడం అమ్మాయిల వంతు. అడిగిన వెంటనే ఇవ్వడం విశ్వవిద్యాలయాల బాధ్యత. ఇక ఇంట్లోవారు చేయగలిగింది కూడా ఉంది. గ్రంథం రాసే ఆ చివరి ఆరు నెలలూ వంటింటి బాధ్యత మరొకరు తీసుకుంటే చాలు, అటకెక్కిన ఎన్నో గ్రంథాలు కిందికి దిగుతాయి. మీ ఇంట్లో, మీ వీధిలో పీహెచ్‌డీ మధ్యలో ఆపేసిన కోడలో, కూతురో ఉంటే ఈ వారమే ఒకమాట అడిగి చూడండి. గడువు ఇంకా మిగిలి ఉందేమో!